మొదటి ముద్ద నాది

మా అత్తగారింట్లో రెండేళ్ల పాటు, నేను వండిన ప్రతి గిన్నెలోంచీ మొదటి ముద్ద నేనే తిన్నాను. ఆకలై కాదు. గడప దగ్గర మా అత్త నిలబడి చూస్తుండగా నమిలి, మింగి, నోరు తెరిచి చూపించి, ఆ తర్వాతే మిగతావాళ్లకు వడ్డించేదాన్ని. ఎవరికైనా చెబితే నవ్వుతారు, కథలు చెప్తున్నావంటారు. నవ్వేవాళ్లు నవ్వనీ. వాళ్లెవరూ ఆ వంటింట్లో నిలబడలేదు.

ఇది తొంభైల నాటి మాట. మా పుట్టిల్లు రావల్‌కోల్. మా నాయిన వరి, మక్క వేసేవాడు. నన్ను ఇచ్చింది శామీర్‌పేట చెరువు కింది పల్లెలో ఒక ఇంటికి. మామ నేను రాకముందే పోయాడు. ఆయన వల చాలాకాలం దూలానికి వేలాడుతూనే ఉండేది. మా ఆయనా చిన్నప్పుడు చెరువులోకి దిగినవాడే, కానీ చేపలతో ఇల్లు గడవదని మేడ్చల్ దారిలో ప్లాస్టిక్ డ్రమ్ములు చేసే షెడ్డులో పనికి కుదిరాడు. ఇంట్లో ఉండేది ముగ్గురం. అత్త, ఆయన, నేను.

మా వైపు ఒక నమ్మకం ఉంది. ఎవరినైనా చెప్పుచేతల్లో పెట్టుకోవాలన్నా, ఎండబెట్టి చంపాలన్నా కూరలో మందు కలిపి పెడతారని. అందులో వెంట్రుకలు, గోళ్లు, ఏవో వేర్లు ఉంటాయట. అది పేగులకు అతుక్కుని ఏళ్ల తరబడి ఉండిపోతుందట. తిన్నవాడు పెట్టినవాళ్ల మాట తప్ప ఇంకెవరి మాటా వినడు, రోజురోజుకూ చిక్కిపోతాడు. దాన్ని కక్కించేవాళ్లు వేరే ఉంటారు. పెట్టింది ఎవరని అడిగితే జవాబు ఎప్పుడూ ఒకటే. బయటినుంచి ఆ ఇంటికి వచ్చిన ఆడది.

నా నేరమల్లా నా మొగుడు మంచివాడు కావడం. పొద్దున బోరు దగ్గర్నుంచి రెండు బిందెలు తనే మోసుకొచ్చేవాడు. తిన్న కంచం తనే కడిగేవాడు. ఒక ఆదివారం నన్ను మేడ్చల్‌లో మధ్యాహ్నం ఆట సినిమాకు తీసుకుపోయాడు. అంతే. మా అత్త వాడకట్టు వాడకట్టంతా తిరిగి చెప్పింది.

"పెండ్లికి ముంగట గిలాస ముంచుకోని తాగనోడు, గిప్పుడు కంచం కడుగుతుండు. నా కొడుకు గట్లాంటోడు కాదు. ఏదో జేసింది గీ పిల్ల."

ఇంతవరకైతే నేను పట్టించుకునేదాన్ని కాదు. కానీ ఆయన నిజంగానే చిక్కిపోసాగాడు. ముందు ఆకలి పోయింది. తర్వాత పొద్దున్నే చేతులు వణకడం మొదలైంది. చొక్కా భుజాల మీంచి జారేది. ఎందుకో నాకు అప్పుడే అనుమానం ఉంది. షెడ్డు నుంచి వచ్చే దారిలో కల్లు కాంపౌండు ఉండేది. అక్కడి కల్లు తాటిచెట్టు మొహం చూసిందో లేదో దేవుడికే తెలియాలి. నీళ్లలో ఏదో తెల్ల పొడి కలిపి అమ్ముతారని ఊళ్లో ప్రతివాడికీ తెలుసు, తెలిసీ తాగేవాళ్లు. ఆయన రోజుకు రెండు సీసలతో మొదలుపెట్టి నాలుగుకు వచ్చాడు. ఒక్కరోజు తాగకపోతే చెమటలు పట్టేవి, గోడను పట్టుకుని నడిచేవాడు. పొడి కలిపిన కల్లు మీద ఎవరికీ అనుమానం రాలేదు. నా వంకాయ కూర మీద వచ్చింది.

ఒక ఆదివారం పొద్దున పరగడుపున ఆయన్ని బహదూర్‌పల్లి అవతలికి తీసుకుపోయాం. అప్పుడక్కడ ఇప్పటిలా కాలనీలు లేవు. రోడ్డు దిగితే బండలు, సీతాఫలం చెట్లు, వాటి వెనక ఒక రేకుల ఇల్లు. ఇంటి ముందు చాపల మీద మాలాంటి నాలుగైదు కుటుంబాలు కూర్చున్నాయి. ప్రతి కుటుంబంలోనూ ఒక కోడలు తల వంచుకుని ఉంది. నేను మాత్రం తల ఎత్తుకునే కూర్చున్నాను, అది కూడా మా అత్తకు ఒక సాక్ష్యమే అయింది.

మందు కక్కించే ఆమెకు యాభై ఏళ్లుంటాయి. నుదుటి నిండా కుంకుమ, దవడలో ఆకువక్క. ఆయనకు గ్లాసుడు ఆకు పసరు తాగించి, దాని మీద చెంబుడు గోరువెచ్చని ఉప్పునీళ్లు పోసింది. అన్ని ఉప్పునీళ్లు తాగితే ఎవరైనా కక్కుతారు. ఆయన పేగులు బయటికి వచ్చేలా మట్టి మూకుడులోకి కక్కాడు. ఆమె వేపపుల్ల తీసుకుని కలపడానికి వంగింది. వంగే ముందు ఆమె ఎడమ చెయ్యి నడుముకున్న ఆకువక్క సంచిలోకి పోయి రావడం నేను చూశాను. ఇప్పుడు కళ్లు మూసుకున్నా ఆ చెయ్యి కనిపిస్తుంది. పుల్ల రెండుసార్లు తిప్పగానే నల్లటి ఉండ ఒకటి తేలింది, చుట్టూ వెంట్రుకలు.

"సూడుండ్రి. గిదే మందు. మూడేండ్ల కింద పడ్డది."

"మాకు పెండ్లయి ఏడాదిన్నరే అయింది" అన్నాను.

ఆమె నా వైపు కూడా చూడలేదు. మా అత్తతోనే చెప్పింది. "పెండ్లికి ముంగటనే పెట్టిండ్రమ్మా. పిల్లను సూడవోయిన్నాడు చాయ్ తాగిండా?"

"అగో, తాగిండు తాగిండు!" మా అత్త గుండెలు బాదుకుంది. "ఇద్దరం తాగినం. నాది గిలాసల ఇచ్చిండ్రు, నా కొడుకుది కప్పుల ఇచ్చిండ్రు. గప్పుడే అనుకున్న నేను."

మా ఇంట్లో మంచి కప్పు ఒకటే ఉండేది. పెళ్లికొడుకని మా అమ్మ ఆయనకు అందులో ఇచ్చింది. మా అమ్మ మర్యాద అలా మందై కూర్చుంది.

నాకు ఒళ్లు మండిపోయింది. "నీ సంచిల ఏమున్నదో తీసి సూపియ్యి" అన్నాను ఆమెతో. చాపల మీద ఒక్కరైనా సంచి వైపు చూస్తారేమోనని చూశాను. అందరూ నన్నే చూస్తున్నారు. మా ఆయన మూతి తుడుచుకుంటూ నేల చూపులు చూస్తూ "ఊకోరాదు" అన్నాడు. సంచి నడుముకే ఉంది, నేనే నోరు మూసుకున్నాను.

పోయేముందు ఆమె షరతు చెప్పింది. "మందు మొదలు ఇంక లోపల్నే ఉన్నది. మల్ల మందు పడకుంట కావలి గాయాలె. వండినామె ముంగట తిన్నంకనే మీరు తినుండ్రి. మంచిగయ్యేదాక గంతే."

మా అత్త భయంభయంగా అడిగింది. "కల్లు తాగొచ్చునా వీడు?"

"కల్లు సలువ. అమ్మవారికి సాక పోసేదే గద. తాగుమను."

ఆ సాయంత్రం నుంచే నా కాపలా మొదలైంది. అన్నం వార్చగానే అత్త గడప దగ్గరికి వచ్చేది. ముందు అన్నంలోంచి, తర్వాత పప్పులోంచి, తర్వాత కూరలోంచి. చేపల పులుసు చేసిన రోజు ముక్క ఒకటి, పులుసు ఒక చెంచా. అంబలి కాచినా ఒక గుక్క. "మింగు. నోరు తెరు. నాలిక కింద సూడనియ్యి." పశువుల సంతలో పళ్లు చూసినట్టు చూసేది. మొదటి వారం నేను ఏడుస్తూ తిన్నాను. రెండో వారం నుంచి ఆమె కళ్లల్లోకి చూస్తూ తిన్నాను. ఇంకొన్నాళ్లకు ఏమీ అనిపించడం మానేసింది, అదే ఘోరం.

ఇంటి సంగతి ఇంట్లో ఉంటే సరే. మా అత్త నోట్లో ఏ మాటా నానదు కాబట్టి ఊరంతటికీ తెలిసింది. నేను పెట్టిన తొక్కు పచ్చడి ఎవరూ ముట్టలేదు. సద్దుల బతుకమ్మ నాడు ఆడి పాడి, బతుకమ్మలను చెరువులో వదిలాక, ఆడవాళ్లందరూ తెచ్చుకున్న సద్ది ఒకరికొకరు పంచుకుంటారు. నేను మలీద చేసుకుని పోయాను. జొన్నరొట్టెలు చిదిపి, బెల్లం వేసి, చెయ్యి నొప్పి పుట్టేదాకా పిసికి ఉండలు కట్టాను. అందరూ చెయ్యి చాపి తీసుకున్నారు, నవ్వారు కూడా. ఒక్కరూ నోట్లో పెట్టుకోలేదు. కొంగున ముడేసుకున్నారు. ఇంటికి వచ్చే దారిలో నా ఉండలు అక్కడొకటి ఇక్కడొకటి పడి ఉన్నాయి, రెండు కుక్కలు ఏరుకుంటూ నా ముందే నడిచాయి. కుక్కలకేమీ కాలేదని మరునాడు బోరు దగ్గర అందరికీ వినబడేలా చెప్పాను.

పండక్కి కాదు, పబ్బానికి కాదు, మా నాయినకు జ్వరమని తెలిసి ఒకసారి రావల్‌కోల్ పోయాను. అమ్మ వంట చేస్తుంటే పొయ్యి దగ్గర నేను కూర చూస్తున్నాను. దించగానే ఒక ముద్ద తీసుకుని తిన్నాను, తిని అమ్మ వైపు తిరిగి నోరు తెరిచాను. తెలియకుండానే తెరిచాను. అత్త కాపలా సంగతి అప్పటికే విన్న అమ్మ చేతిలో గరిటె కింద పడింది.

"నా ఇంట్ల గూడ గిట్లనా బిడ్డా? ఇగ పోకు. సామాను తెప్పిస్త. గా ఇంటికి మల్ల పోకు నువ్వు."

వెళ్లనని చెప్పి ఉండాల్సింది. కానీ నేను తిరిగి పోకపోతే మా అత్త ఏమంటుందో నాకు తెలుసు. దొరికిపోయింది, పారిపోయింది అంటుంది. ఆమెకు ఆ సుఖం ఇవ్వడం నాకిష్టం లేదు. మూడో రోజు బస్సెక్కాను.

ఇంతకాలం నేను ఆ ఇంట్లో ఉండగలిగింది ఒక్కందుకు. మా ఆయన నా కోసం ఆగేవాడు కాదు. అత్త గడప దగ్గర నిలబడి ఇంకా నా నోరు చూస్తుండగానే ఆయన కంచంలో చెయ్యి పెట్టేసేవాడు. "ఆకలైతాంది అవ్వా, నీ పరీక్షలు నువ్ జేసుకో" అనేవాడు. అత్త నెత్తి కొట్టుకునేది. కక్కించే ఆమె దగ్గర ఆయన అన్న "ఊకోరాదు"ను నేను ఈ ఒక్క పని చూసి మరిచిపోయాను. ఊరంతా నా చేతి కూడు పారేసినా ఆయన తింటున్నాడు కదా అనుకునేదాన్ని.

ఎండాకాలంలో ఒక మధ్యాహ్నం అత్త అత్వెల్లిలో వాళ్ల చెల్లెలింటికి పోయింది. ఇంట్లో ఇద్దరమే. ఆయనకు ఆ రోజు ఒంట్లో మరీ బాగాలేదు, పొద్దున రెండుసార్లు కక్కాడు. అన్నం, పచ్చిపులుసు, వేయించిన ఎండుచేపలు పెట్టాను. కంచం ముందు కూర్చున్నాడు. చెయ్యి కడుక్కున్నాడు. చెయ్యి కంచంలో పెట్టలేదు. వేరే ఏదో ఆలోచిస్తున్నాడేమో అనుకుని మంచినీళ్లు తెచ్చి పెట్టాను. అప్పటికీ పెట్టలేదు. తల ఎత్తి నా వైపు చూశాడు. చూసి మళ్లీ కంచం వైపు చూశాడు.

అర్థమైంది. గడప దగ్గర ఎవరూ లేరు. నేను ఆయన ఎదురుగా కూర్చుని ఆయన కంచంలోంచే ముద్ద కలిపి తిన్నాను. నోరు తెరవబోతే "వద్దు, వద్దు" అని మొహం తిప్పుకున్నాడు. తర్వాత తిన్నాడు. నేను పెరట్లోకి పోయి తిన్న ముద్ద కక్కేశాను. కక్కించే ఆమెకు ఉప్పునీళ్లు కావాల్సి వచ్చింది, నాకు అవసరం లేకపోయింది. అత్త మీద నాకున్నది కోపం. ఆ రోజు ఆయన మీద కలిగినదానికి ఏం పేరు పెట్టాలో నాకు ఇప్పటికీ తెలియదు. నా చేతి అన్నం ఆయన ఆగకుండా తినాలి, ఒక్కసారైనా తినాలి. నాకు కావలసింది ఇక అదొక్కటే అయింది.

ఆ ఏడు శ్రావణంలో మా ఊరి పోచమ్మకు బోనాలు. ఏటా బోనం వండేది మా అత్తే. ఆ ఏడు పండగకు వారం ముందు బోరు దగ్గర పాచి మీద జారి పడింది. కుడి చెయ్యి మణికట్టు దగ్గర విరిగింది, కట్టు కట్టించుకుని వచ్చింది. విరిగిన చేత్తో బోనం వండకూడదు, ఎత్తుకోనూకూడదు. ఇంట్లో ఇంకో ఆడది లేదు. అత్త రెండు రోజులు ఆలోచించి చివరికి చెప్పింది.

"నువ్వే వండు. అమ్మవారికి పెట్టేది గద, అండ్ల నువ్వేం కలపలేవు. కలిపితే నీ కండ్లు వోతయి."

బోనానికి కట్టుబాట్లుంటాయి. పొద్దున తలకు పోసుకోవాలి. వండి, మోసి, అమ్మవారికి పెట్టేదాకా ఒక్కపొద్దు, మంచినీళ్లు కూడా ముట్టకూడదు. అన్నిటికన్నా పెద్దది, వండేటప్పుడు రుచి చూడకూడదు. తీపి సరిపోయిందా లేదా అని వేలు కూడా నాకకూడదు. మొదటి ముద్ద అమ్మవారిది. అంతకు ముందు ఎవరు తిన్నా అది ఎంగిలి. ఎంగిలి బోనం ఎత్తుకుపోతే ఊరికి జ్వరాలు, పిల్లలకు పోతపోసినట్టు పొక్కులు వస్తాయని చిన్నప్పటి నుంచి వింటూ పెరిగాను. విన్నదాన్నే కాదు, నమ్మినదాన్ని. ఇప్పటికీ పోచమ్మ ముందు చెప్పులేసుకుని నడవను. మందు నమ్మను, అమ్మవారిని నమ్ముతాను.

వాకిట్లో మూడు రాళ్లు పెట్టి కొత్త గిన్నె ఎక్కించాను. అత్త పీట మీద కూర్చుని ఒడిలో కట్టు పెట్టుకుని కాపలా కాస్తోంది. పాలు పొంగాయి, బియ్యం ఉడికాయి, బెల్లం వేశాను. వీధి చివర డప్పులు మొదలయ్యాయి. ఎవరో పిలిస్తే అత్త లేచి ప్రహరీ దాకా పోయి వేపమండల సంగతి మాట్లాడుతోంది. నేను గిన్నె దించాను. గరిటెతో కొంచెం తీశాను. ఊదాను. తిన్నాను.

మింగాక తెలిసింది. రెండేళ్లుగా దించిన ప్రతి గిన్నెకూ చేసిన పనే చెయ్యి చేసింది, నన్ను అడగలేదు. నాలుక మీద బెల్లం తీపి ఉంది. నోరు తెరవడానికి తల కూడా గడప వైపు తిరిగింది. అక్కడ ఎవరూ లేరు.

మళ్లీ వండుదామంటే ఇంట్లో ఇంక పాలు లేవు, ఊళ్లో ఆ రోజు చుక్క పాలు దొరకవు. చెప్పాలి. చెబితే ఏమవుతుంది? అమ్మవారి బోనం కూడా ఎంగిలి చేసిందంటారు. మందు పెట్టిందన్న మాట ఇంతవరకు మాటే, ఇక అది నిజమైపోతుంది. నా మొగుడు మళ్లీ ఎప్పటికీ నా చేతి కూడు తినడు. "అయిందా?" అని అత్త అక్కడ్నుంచే అరిచింది. "అయింది" అన్నాను. సున్నం, పసుపు పూసిన కుండలోకి అన్నం ఎత్తాను. మూకుడు పెట్టి, దీపం పెట్టి, చుట్టూ వేపమండలు కట్టి నెత్తికెత్తుకున్నాను.

మా ఇంటి నుంచి పోచమ్మ గుడికి ఎంతో దూరం లేదు. ఆ రోజు ఆ దారి తరగలేదు. ప్రతి గడప దగ్గరా నా కాళ్ల మీద పసుపు నీళ్లు సాక పోసి మొక్కారు. నా మలీద పారేసిన ఆడవాళ్లే మొక్కారు. కుండ జారిపోతుందనుకున్నాను. దీపం ఆరిపోతుందనుకున్నాను. తల్లీ, ఊరి పిల్లల జోలికి పోకు, నన్నే తీసుకో, అని గొణుక్కుంటూ నడిచాను. మధ్యాహ్నపు ఎండలో దీపం కనబడలేదు కానీ నూనె కాలే వాసన వస్తూనే ఉంది.

గుడి ముందు శివసత్తు ఊగుతోంది. పక్క ఊరి ఆమె. అమ్మవారు ఒంటి మీదికి వచ్చిందంటే ఎవరింట్లో ఏ తప్పు జరిగిందో జుట్టు పట్టి చెబుతుందని పేరు. వరుసలో ఒక్కో బోనం ముందు ఆగుతోంది. నా ముందుకు వచ్చి ఆగింది. మా అత్త, మా ఆయన నా వెనకే ఉన్నారు. శివసత్తు నా మొహంలోకి చాలాసేపు చూసింది. కుండ దింపించి, మూకుడు పక్కకు జరిపి, పిడికెడు తీసి కొంత అమ్మవారి ముందు పెట్టి, పిడికిట్లో మిగిలింది తను తిన్నది.

"మనసు నిండింది బిడ్డా. గీ ఇంటి బోనం సల్లగున్నది. మంచి చేత్తోని వండిండ్రు."

మా అత్త అక్కడే నేల మీద సాగిలపడి మొక్కింది. నాకు ఏడుపు వచ్చింది, భక్తి అనుకున్నారు. తర్వాత ఏడుపు పోయి ఒళ్లంతా కోపం వచ్చింది. మంచి చెయ్యట. రెండేళ్లుగా ఇదే చెయ్యి. శివసత్తుకు తెలియలేదనే అనుకుంటాను. అమ్మవారికి మాత్రం తెలిసే ఊరుకుందని నా నమ్మకం.

ఇంటికి వచ్చి ప్రసాదం పెట్టాను. అత్త చెయ్యి విరిగింది కదా, నేనే నోట్లో పెట్టాలి. ముద్ద తీసుకుని ఆమె ముందు కూర్చున్నాను. ముందు నువ్వు తినమనలేదు. కళ్లు మూసుకుని నోరు తెరిచింది, పెట్టాను, మింగింది. ఇంకా పెట్టమంది. వాడకట్టు ఆడవాళ్లు వచ్చారు, శివసత్తు మెచ్చిన బోనమని చెయ్యి చాపి అక్కడే తిన్నారు, కొంగున ముడేసుకోలేదు. మా ఆయన విస్తరి ముందు కూర్చున్నాడు. నేను వడ్డించి చెయ్యి వెనక్కి తీసుకునే లోపలే తినడం మొదలుపెట్టాడు. రెండోసారి అడిగి వేయించుకున్నాడు. నేను కోరుకున్నది అదే. అదీ నా చెయ్యి మీద నమ్మకంతో కాదు, అమ్మవారి పేరు మీద జరిగింది. నాకు ముద్ద దిగలేదు.

మరునాడు పొద్దున అన్నం, పప్పు వండాను. అత్త గడప దగ్గరికి వచ్చింది, కట్టు మెడకు వేలాడదీసుకుని. ఒక్కరోజు ఆగుతుందేమో అనుకున్నాను. ఆగలేదు.

"ముంగట నువ్ తిను."

"నిన్ననే తిన్న" అన్నాను.

"నిన్న ఎప్పుడు? నిన్న ఒక్కపొద్దు గద."

"బోనం దించంగనే తిన్న. నువ్ వేపమండల కాడికి వోయినప్పుడు. అమ్మవారి కంటె ముంగట నేను తిన్న అత్తమ్మా. నువ్ రెండేండ్లు నేర్పిచ్చినవు, చెయ్యి ఊకుంటదా? ఆ ఎంగిలే నీ నోట్ల పెట్టిన. ఆ ఎంగిలే ఊరు తిన్నది."

అత్త మొహం తెల్లబోయింది. గోడకు ఆనుకుంది. ముందు ఆమె నోట వచ్చిన మాట శాపం కాదు, తిట్టు కాదు.

"ఎవ్వలకన్న జెప్పినవా?"

"చెప్పలే. చెప్పుమంటవా? పటేండ్ల వాడకట్టుల పిల్లగానికి పొద్దుగాల జెరమొచ్చిందట."

ఆమె పరుగున వచ్చి ఎడమ చేత్తో నా నోరు మూసింది. నా గురించి ఊరంతా చాటిన మనిషి. ఈ ఒక్క మాట బయటికి పోతే ఆ ఏడు ఊళ్లో ఎవరికి ముక్కు కారినా మా గడప మీదికే వస్తారని ఆమెకు నాకన్నా బాగా తెలుసు. ఊరి నోరు ఎలాంటిదో తెలిసిన మనిషి. నేను ఆ చెయ్యి తీసేసి అన్నం కలిపి ముద్ద ఆమె నోటి ముందు పట్టుకున్నాను. ఆమె నోరు తెరిచింది. కళ్లల్లో నీళ్లు తిరుగుతుంటే నమిలింది. ఆ పిల్లవాడి జ్వరం రెండు రోజుల్లో తగ్గింది. తగ్గేదాకా ఆమె కన్నా ఎక్కువ భయపడింది నేను, అది ఆమెకు చెప్పలేదు.

వెనక్కి తిరిగితే మా ఆయన పెరటి తలుపులో ఉన్నాడు, మొహం కడుక్కున్న నీళ్లు గడ్డం మీంచి కారుతున్నాయి. ఎంత విన్నాడో తెలియదు. వచ్చి కంచం ముందు కూర్చున్నాడు, తిన్నాడు. ఆ రోజు నుంచి ఇవాళ్టి దాకా ఎప్పుడూ ఆగలేదు. సిగ్గుపడి తిన్నాడా, నాకు భయపడి తిన్నాడా అని నేను అడగలేదు. అడిగి ఏం చేసుకోవాలి?

తర్వాత కొన్నేళ్లకు కాంపౌండు మూతపడింది. ఆయన వారం పాటు పిచ్చివాడిలా అయ్యాడు, కాళ్లూ చేతులూ కొట్టుకున్నాయి. మేడ్చల్‌లో డాక్టరు ఆ తెల్ల పొడి సంగతి మా అత్తకు ఎదురుగానే విడమరిచి చెప్పాడు. నెల తిరిగేసరికి ఆయనకు ఆకలి పుట్టింది, చెంపలు నిండాయి. అత్త ఇప్పుడేమంటుందో విందామని ఎదురుచూశాను. ఆమె పొరుగామెతో అన్న మాట ఇది.

"గప్పుడు మందు కక్కిచ్చినం గావట్కె బతికిండమ్మా. లేకుంటె కల్లు ఆపిన్నాడే పోతుండె."

రెండు వేల సంవత్సరం దాటాక చెరువు చుట్టుపక్కల పొలాలన్నీ ప్లాట్లయ్యాయి. బహదూర్‌పల్లి వైపు వెళ్తే ఆ రేకుల ఇల్లు ఎక్కడుండేదో కూడా గుర్తుపట్టలేకపోయాను. ఆ రోజుల్లోనే మా అత్తకు పక్షవాతం వచ్చింది. కుడి పక్క పడిపోయింది, మాట పోయింది. రెండేళ్లు మంచంలో ఉంది. మూడు పూటలా నేనే తినిపించాను. నా కాళ్ల చప్పుడు వినగానే నోరు తెరిచి ఉంచేది.

నేను వెంటనే పెట్టేదాన్ని కాదు. మంచం పక్కన పీట వేసుకుని, అన్నం కలిపి, మొదటి ముద్ద ఆమె చూస్తుండగా నేను తినేదాన్ని. నిదానంగా నమిలి, మింగి, నోరు తెరిచి చూపించేదాన్ని, నాలుక ఎత్తి కూడా. అప్పుడు రెండో ముద్ద ఆమెకు పెట్టేదాన్ని. వద్దన్నట్టు తల ఊపేది. కళ్లు మూసుకునేది. తెరిచేదాకా ఆగేదాన్ని.

ఒకరోజు ఆమె కదిలే ఎడమ చేత్తో నా మణికట్టు పట్టుకుని, ముద్దను తన నోటి వైపు లాక్కుంది. ముందు తనే తింటానని. బలం లేని చెయ్యి, విడిపించుకోవడం కష్టం కాదు. ఆమె చెంపల మీద నీళ్లు కారుతున్నాయి. జాలి వేయలేదని రాయాలని ఉంది. వేసింది. అయినా ఆ చెయ్యి విడిపించుకుని మొదటి ముద్ద నా నోట్లోనే పెట్టుకున్నాను. మరునాడు కూడా.